చిల్లు పలక, చుక్క లాక్టిక్ ఆమ్లం: అసిడియన్ కోపెపాడ్‌ల పనికి ఏ సామాను కొనాలి, ఏది వద్దు

అసిడియన్లనే సముద్రజీవుల లోపల బతికే పరాన్నజీవి కోపెపాడ్‌లను (రొయ్యల వర్గానికి చెందిన చిన్న జీవులను) వెతకడం, కోయడం, బొమ్మ గీయడం, కొత్త జాతిగా పేరు పెట్టడం. ఈ పనులకు కావలసిన సామాను మీద ఈ సమీక్ష. తీర్పు మొదటే చెప్పేస్తాం: డబ్బు పెట్టాల్సింది ఫోర్సెప్స్ (సన్నని పట్టకారు) మీద, స్టీరియో మైక్రోస్కోపు వెలుతురు మీద. అన్నిటికన్నా ఎక్కువ పని చేసిపెట్టే పరికరాన్ని మాత్రం ఎవరికి వారే చేసుకోవాలి. మధ్యలో చిల్లు ఉన్న సన్నని చెక్క పలక, ఆ చిల్లు మీద అతికించిన ఒక కవర్ స్లిప్ (పలచని గాజు ముక్క), అంతే. ఆర్థర్ హ్యూమ్స్, రిచర్డ్ గుడింగ్ 1964లో క్రస్టేషియానా పత్రికలో మూడు పేజీల్లో వివరించిన పద్ధతి ఇది. ఆ తర్వాత ఎన్ని కొత్త మైక్రోస్కోపులు వచ్చినా, పరాన్నజీవి కోపెపాడ్‌ల వర్ణనల్లో ఈ తలకిందుల స్లైడు ప్రస్తావన ఇప్పటికీ కనబడుతూనే ఉంది. అది పాత అలవాటు కొద్దీ మిగిలిపోయిన పద్ధతి అనుకుంటే పొరపాటు. ఎందుకో కింద చెబుతాం.

సామాను ఎంపిక అంతా జంతువును బట్టే కాబట్టి ముందు దాని సంగతి. అసిడియన్ అంటే జంతుశాస్త్ర పాఠాల్లో హెర్డ్‌మానియా పేరుతో చదువుకున్న బాపతు: బయట కంచుకమనే దళసరి తొడుగు, లోపల గొంతుభాగమైన జల్లెడలాంటి గ్రసని, నీళ్లు లోపలికి పోయే సైఫన్ ఒకటి, బయటికి వచ్చే సైఫన్ ఇంకొకటి. పట్టుకుంటే ముడుచుకుని నీళ్లు చిమ్ముతుంది. ఎప్పుడూ నీళ్లు వడకడుతూ ఉండే ఈ తిత్తిలో తిండికీ రక్షణకూ కొదవ లేదు. కోపెపాడ్‌లు అందులో తలా ఒక చోటు చూసుకున్నాయి. నోటోడెల్ఫిడే కుటుంబానికి చెందినవి ఎక్కువగా గ్రసని సంచిలో తిరుగుతుంటాయి. అసిడికోలా రోజియా అన్నవాహిక దగ్గర మకాం వేసి, ఆతిథేయి (అంటే అది నివసించే అసిడియన్) మింగబోయే జిగురు తాడులోని ఆహారాన్ని తింటుంది. ఎంటెరోకోలా జాతులు జీర్ణనాళంలోనే ఉంటాయి. బొట్రిల్లోఫిలస్ గుంపుగా పెరిగే అసిడియన్లను ఎంచుకుంది. గోనోఫైసెమా గుల్మారెన్సిస్ అన్నిటికన్నా విచిత్రమైనది. ఆతిథేయి శరీరంలోనే పాతుకుపోయి, కాళ్లూ దవడలూ లేని ముద్దగా మారిపోతుంది. 1960లో దానికి పేరు పెట్టినప్పుడు అది కోపెపాడ్ అని తేల్చడానికి డింభకాలే ఆధారం.

ఆడవి సాధారణంగా 1 నుంచి 5 మి.మీ. ఉంటాయి. ఒళ్లు మెత్తన. నోటోడెల్ఫిడేలో గుడ్లు బయట వేలాడవు, వీపు లోపలే పెద్ద అరలో ఉంటాయి. మగవి చాలా చిన్నవి, ఆకారంలో స్వేచ్ఛగా ఈదే మామూలు కోపెపాడ్ సైక్లోప్స్‌ను పోలి ఉంటాయి. జాతిని నిర్ణయించే లక్షణాలు మాత్రం కాళ్ల మీది ముళ్లలో, శూకాలలో (సన్నని వెంట్రుకల్లాంటివి), నోటి భాగాల అంచుల్లో ఉంటాయి. వాటి వెడల్పు కొన్ని మైక్రాన్లు. పైకి మెత్తని తిత్తి, లోపల సూదంత భాగాలు. ఈ రెండింటినీ ఒకే నమూనాలో చూడాలి కాబట్టే మామూలు పద్ధతులు ఇక్కడ తేలిపోతాయి.

చిల్లు పలక

కొలతలు: 75 × 25 మి.మీ. పలక, మందం 1 నుంచి 1.5 మి.మీ., మధ్యలో 12 నుంచి 15 మి.మీ. గుండ్రటి చిల్లు. చిల్లు మీద 18 లేదా 22 మి.మీ. కవర్ స్లిప్‌ను అంచుల్లో అతికించాలి. ఇప్పుడు పలకను తిప్పి పెడితే చిల్లు ఒక చిన్న గిన్నె అవుతుంది, దానికి అడుగు కవర్ స్లిప్. అందులో లాక్టిక్ ఆమ్లం చుక్క వేసి జంతువును ఉంచి, స్టీరియో మైక్రోస్కోపు కింద కోయాలి. కోసిన భాగాన్ని దగ్గరగా చూడాలంటే పలకను తలకిందులు చేయాలి. చుక్క కిందపడదు, గాజుకు వేలాడుతూ ఉంటుంది. పైనుంచి కవర్ స్లిప్ గుండా ఆయిల్ ఇమ్మర్షన్ (మధ్యలో నూనె చుక్క వేసి చూసే) రకంతో సహా ఏ ఆబ్జెక్టివ్‌తోనైనా (నమూనా వైపు ఉండే లెన్సుతోనైనా) చూడవచ్చు. మళ్లీ తిప్పి, సూదితో కాలును కాస్త దొర్లించి, మళ్లీ చూడవచ్చు.

ఈ పద్ధతి ప్రాణమంతా ఆ దొర్లించడంలోనే ఉంది. మామూలు స్లైడులో కవర్ స్లిప్ పైనుంచి నొక్కేస్తుంది. ఒకసారి పడుకున్న కాలు ఇక అలాగే పడుకుంటుంది. ముందువైపున ఉన్న ముల్లు, వెనకవైపున ఉన్న శూకం ఒకే తలంలోకి వచ్చి, ఏది ఎక్కడినుంచి మొలిచిందో తెలియకుండా పోతుంది. శూకాల లెక్కలో ఒకటి తేడా వస్తే వేరే జాతి అనో, వేరే ప్రజాతి అనో పొరబడే అవకాశం ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. వేలాడే చుక్కలో భాగం నలగదు, ఏ పక్క కావాలంటే ఆ పక్కకు తిరుగుతుంది.

చెక్క పలక అంటే ఏదో ఒక చెక్క తీసుకుంటే సరిపోదు. మందం 2 మి.మీ. దాటితే ఇబ్బంది కండెన్సర్ (కింది కాంతిని నమూనా మీదికి కేంద్రీకరించే లెన్సు) దగ్గర మొదలవుతుంది. అధిక న్యూమరికల్ అపర్చర్ (కాంతి ఎంత వాలుగా రాగలదో చెప్పే సంఖ్య) ఉన్న కండెన్సర్లను మామూలు గాజు స్లైడు మందం, అంటే సుమారు 1 మి.మీ., దృష్టిలో పెట్టుకుని చేస్తారు. దళసరి పలక అయితే కాంతి శంకువు మొన నమూనాదాకా అందదు, బొమ్మ మసకేస్తుంది. చిల్లు మరీ చిన్నదైతే దాని గోడలే కాంతిని కోసేస్తాయి. గాలిలో 0.9 అపర్చర్ అంటే కాంతి సుమారు 64 డిగ్రీల వాలుతో వస్తుంది. 1.5 మి.మీ. మందానికి నమూనా చుట్టూ 3 మి.మీ. ఖాళీ తప్పనిసరి. అందుకే 6 మి.మీ. చిల్లుతో చేసిన పలకల్లో సరిగ్గా నడిమధ్య ఉన్న భాగం తప్ప మిగతాదంతా ఒకవైపు నీడగా కనిపిస్తుంది. నీటికి ఉబ్బని గట్టి చెక్క కానీ, అల్యూమినియం రేకు కానీ మంచిది. అల్యూమినియం ఎక్కడా వంగకుండా ఉంటుంది, కానీ లాక్టిక్ ఆమ్లం అంచుకు తగిలితే అక్కడ తినేస్తుంది. సన్నని ప్లాస్టిక్ పలకలూ పనిచేస్తాయి.

కవర్ స్లిప్ 1.5 నంబరుదే వాడండి, అంటే 0.16 నుంచి 0.19 మి.మీ. మందం. చాలా ఆబ్జెక్టివ్‌లను 0.17 మి.మీ.కు సరిచేసి ఉంచుతారు. 1 నంబరువి పలచన కాబట్టి సూది కాస్త గట్టిగా ఆనిస్తే పగులుతాయి. అప్పుడు పోయేది గాజు ఒక్కటే అయితే ఫర్వాలేదు, హోలోటైప్ (కొత్త జాతి పేరుకు ప్రమాణంగా నిలిచే ఒకే నమూనా) కాలు కూడా దానితో పాటే పోవచ్చు.

చుక్క పరిమాణం మీద చాలామంది తడబడతారు. చుక్క పెద్దదైతే తిప్పగానే భాగం దాని అడుగుకు దిగిపోతుంది. 100 రెట్ల ఆయిల్ ఆబ్జెక్టివ్ కవర్ స్లిప్ కింద చూడగలిగే లోతు మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే కాబట్టి భాగం ఫోకస్‌కు అందదు. ఇంకా దించితే లెన్సు వెళ్లి గాజును గుద్దుతుంది. చుక్క చిన్నదైతే దాని ఉపరితలమే భాగాన్ని గాజుకు అదిమి పట్టుకుంటుంది. ఒక్క కాలుకు 2 మైక్రోలీటర్లు చాలు. పూర్తి జంతువుకైతే దాన్ని కప్పీ కప్పనట్టు ఉండాలి. ఒకే కవర్ స్లిప్ మీద ఆరేడు చుక్కలు వరసగా పెట్టి, ఒక్కో అవయవాన్ని ఒక్కో చుక్కలోకి చేరవేస్తూ, కాగితం మీద అదే వరసలో పటం గీసుకుంటే ఏది ఏదో కలిసిపోదు.

లోపం ఒకటి ఉంది, దాచాల్సిన పని లేదు. ఇది నిల్వకు పనికిరాదు. లాక్టిక్ ఆమ్లం గాలిలోని తేమను పీల్చుకుంటూ పోతుంది, చుక్కలు రోజురోజుకూ వెడల్పై ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పని ఆపినప్పుడల్లా మూతపెట్టిన పెట్రీ గిన్నెలో ఉంచాలి. వారం పదిరోజుల్లో బొమ్మలు ముగించి భాగాలను నిల్వలోకి మార్చాలి.

లాక్టిక్ ఆమ్లం

బజారులో దొరికేది 85 శాతం ద్రావణం, జిగటగా ఉంటుంది. కండరాలను, కొవ్వును పారదర్శకం చేసి కైటిన్ తొడుగును మాత్రం స్పష్టంగా మిగులుస్తుంది. ఎండిపోదు. ఆ జిగట వల్లే సూది వణికినా జంతువు ఎగిరిపోదు. నీటిలోనో ఆల్కహాల్‌లోనో ఇదే పని చేస్తే కోసిన యాంటెన్నా ఎటు కొట్టుకుపోయిందో వెతుక్కోవడానికే పూట గడుస్తుంది. గ్లిజరిన్ కూడా జిగటగానే ఉంటుంది, కానీ ఇంత బాగా లోపలి కణజాలాన్ని కరిగించదు. ఈ పనికి లాక్టిక్ ఆమ్లానికి సాటివచ్చే ద్రవం లేదన్నది మా అభిప్రాయం.

వాడే తీరు ముఖ్యం. ఆల్కహాల్‌లోంచి తీసిన జంతువును నేరుగా చిక్కటి ఆమ్లంలో పడేస్తే లోపలి ద్రవం ఒక్కసారిగా బయటికి వచ్చి మెత్తటి ఒళ్లు సొట్టలు పడుతుంది. సగం నీళ్లు, సగం ఆమ్లం కలిపినదాంట్లో గంటసేపు ఉంచి, తర్వాత పూర్తి ఆమ్లంలోకి మార్చండి. రాత్రంతా అలాగే వదిలేస్తే తెల్లారేసరికి కోయడానికి వీలుగా తయారవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: ఆమ్లంలో నానిన కొద్దీ ఒళ్లు ఉబ్బుతుంది, ముడుచుకున్న ఖండాలు సాగుతాయి. ఆల్కహాల్‌లో కొలిచిన పొడవుకూ, ఆమ్లంలో కొలిచిన పొడవుకూ పొంతన ఉండదు. ఏ ద్రవంలో కొలిచారో వర్ణనలో రాసి తీరాలి. అది లేని కొలతలను తర్వాత వచ్చినవాళ్లు పోల్చుకోలేరు.

రెండు జాగ్రత్తలు. ఆమ్లం డీఎన్ఏను పాడుచేస్తుంది, కాబట్టి జన్యు పరీక్షకు ముక్క తీయాలంటే నానబెట్టకముందే తీయాలి. రెండోది, డిడెమ్నిడే కుటుంబం అసిడియన్లలోనూ, హెర్డ్‌మానియాలోనూ సున్నపు కంటికలు (సూక్ష్మమైన గట్టి ముక్కలు) ఉంటాయి. ఆతిథేయిని గుర్తుపట్టడానికి అవే ముఖ్యం. లాక్టిక్ ఆమ్లం తగిలితే బుడగలు వచ్చి కరిగిపోతాయి. ఆతిథేయి ముక్కనూ కోపెపాడ్‌నూ ఒకే గిన్నెలో నానబెట్టకండి. కళ్లలో పడితే ప్రమాదం, చర్మాన్ని మండిస్తుంది, కళ్లద్దాలు వాడండి.

ఫోర్సెప్స్, సూదులు

వాచీలు బాగుచేసేవాళ్లు వాడే 5 నంబరు డ్యూమాంట్ ఫోర్సెప్స్ ఈ పనికీ ప్రమాణంగా నిలిచింది. మామూలు రకం కొన సుమారు 0.1 మి.మీ., బయాలజీ రకం కొన సుమారు 0.05 మి.మీ. రెండూ ఉండాలి. కంచుకాన్ని చీల్చడానికి సన్నకొన వాడితే ఒక్క పూటలో వంగిపోతుంది. అసిడియన్ కంచుకంలో ఉండేది సెల్యులోజ్, తోలులా సాగుతుంది. దానికి కత్తెర, మామూలు ఫోర్సెప్స్ వాడి, సన్నకొనను కోపెపాడ్ కోసమే పక్కన పెట్టుకోవాలి. లోహం విషయంలో కార్బన్ స్టీల్ వద్దు, ఉప్పునీరూ ఆమ్లమూ తగిలి తుప్పు పడుతుంది. డ్యూమాక్సెల్ లాంటి తుప్పుపట్టని మిశ్రమలోహం తీసుకోండి. అయినా ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, కొనకు ట్యూబు తొడగాలి. కొన వంగితే సన్నని ఆకురాయి మీద సరిచేసుకోవచ్చు. కానీ రెండు కొనలూ కలిసే చోట వెలుతురు కనబడుతోందంటే దానితో శూకాలున్న కాలును పట్టుకోకండి, జారి నలుగుతుంది.

కోతకు ఫోర్సెప్స్ కన్నా సూదులు మేలు. పురుగులను గుచ్చే మిన్యూటెన్ పిన్నులు 0.1, 0.15, 0.2 మి.మీ. మందాల్లో వస్తాయి. పుల్లకు గుచ్చి జిగురు పెడితే సూది సిద్ధం. చాలా వర్ణనలకు ఇవే సరిపోతాయి. ఇంకా మొన కావాలంటే 0.25 మి.మీ. టంగ్‌స్టన్ తీగను 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ముంచుతూ తీస్తూ, 6 వోల్టుల కరెంటుతో అరగదీయాలి. ముంచిన చోట నిలకడగా ఉంచితే ద్రావణం పైమట్టం దగ్గర సన్నబడి తీగ తెగిపోతుంది. పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటేనే పొడుగాటి మొన వస్తుంది. ద్రావణం చిట్లుతుంది, కళ్లద్దాలు లేకుండా దగ్గరికి పోకూడదు.

కోసే వరస వెనకనుంచి ముందుకు. ముందు జంతువును చెక్కుచెదరకుండా వీపువైపు, పక్కవైపు గీయాలి. తర్వాత అయిదో కాలు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఆ పైన మాక్సిల్లిపెడ్, మాక్సిల్లా, మాక్సిల్లూల్, మాండిబుల్ అనే నోటి భాగాలు. చివరికి యాంటెన్నాలు. నోటి భాగాలు ఒకదాని కింద ఒకటి ఇరుక్కుని ఉంటాయి. మొదటే వాటి జోలికి పోతే మాక్సిల్లూల్ చిన్నది కాబట్టి ఏదో ఒకదాన్ని అంటుకుని మాయమవుతుంది. ఒక పక్కవే తీసి, రెండో పక్కవి జంతువు మీదే ఉంచండి. అనుమానం వచ్చినప్పుడు సాక్ష్యం అక్కడే ఉంటుంది.

మత్తు, నిల్వ ద్రవాలు

ఎంత మంచి సామాను ఉన్నా పట్టిన మొదటి కొన్ని గంటల్లో జరిగిన పొరపాటును అది దిద్దలేదు. బతికున్న అసిడియన్‌ను నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే సైఫన్లు బిగించేస్తుంది. ద్రవం లోపలికి పోదు, గ్రసనిలో ఉన్న కోపెపాడ్ కుళ్లిపోతుంది, లేదా ముడుచుకున్న కండరాల మధ్య నలిగిపోతుంది. సముద్రపు నీటి మీద మెంథాల్ స్ఫటికాలు చల్లి మూతపెడితే రెండు మూడు గంటల్లో మత్తు ఎక్కుతుంది. సైఫన్ అంచును సూదితో తాకినా ముడుచుకోకపోతే సిద్ధమైనట్టు. మెగ్నీషియం క్లోరైడ్ కూడా బాగా పనిచేస్తుంది: హెక్సాహైడ్రేట్ రూపంలో 75 గ్రాములు లీటరు మంచినీళ్లలో కరిగించి, అంతే సముద్రపు నీటితో కలపాలి. మా ఓటు మెంథాల్‌కే. తూచడం, కలపడం అక్కర్లేదు, పడవలో కూడా వీలు. కాకపోతే గంటలు మించితే జంతువు చచ్చి లోపలివి పాడవడం మొదలవుతుంది, గడియారం చూస్తూ ఉండాలి.

మత్తెక్కుతున్నప్పుడు కొన్ని కోపెపాడ్‌లు ఆతిథేయిని వదిలి బయటికి వచ్చేస్తాయి, ముఖ్యంగా మగవి. ఆ నీళ్లు పారబోయకూడదు. 63 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి చూడాలి. ఒక్కో అసిడియన్‌కు ఒక్కో డబ్బా ఉంటేనే ఎవరిలోంచి ఎవరు వచ్చారో తెలుస్తుంది. విడి డబ్బాకు ఇంకో కారణం కూడా ఉంది. ఫాల్లూసియా, అసిడియా ప్రజాతుల్లో కొన్ని జాతుల కంచుకంలో పీహెచ్ 2కు దిగువన ఉండే ఆమ్లం ఉంటుంది. ఒకటి నలిగితే డబ్బాలో ఉన్నవన్నీ పాడవుతాయి.

ఆల్కహాల్ విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. అసిడియన్ ఒంట్లో అధిక భాగం నీరే. 100 మి.లీ. అసిడియన్‌ను 300 మి.లీ. 95 శాతం ఆల్కహాల్‌లో వేస్తే మిగిలేది 71 శాతం దగ్గర. డీఎన్ఏ నిలవడానికి అది చాలదు. మర్నాడు ఆ ద్రవం పారబోసి కొత్తగా 300 మి.లీ. పోస్తే 89 శాతానికి చేరుతుంది. ఇంకోసారి మారిస్తే నిశ్చింత. కంచుకాన్ని రెండు చోట్ల చీల్చి వేయడం కూడా అవసరమే. ఫార్మలిన్‌లో, అంటే సముద్రపు నీటిలో 4 శాతం ఫార్మాల్డిహైడ్‌లో, ఆకారం బాగా నిలుస్తుంది, ఆతిథేయిని గుర్తించడానికి అదే మేలు. కానీ డీఎన్ఏ ఆశ వదులుకోవాలి. బొరాక్స్ కలపకపోతే ఆమ్లంగా మారి కంటికలు కరుగుతాయి. అసిడియన్లు రెండు దొరికితే ఒకటి ఇందులో, ఒకటి అందులో వేయండి.

మ్యూజియం సీసాల్లో ఏనాడో దాచిన అసిడియన్లను కూడా చిన్నచూపు చూడకూడదు. ఇల్-హోయ్ కిమ్, జెఫ్ బాక్స్‌షాల్ 2020లో మెగాటాక్సా పత్రికలో నోటోడెల్ఫిడే మీద అచ్చువేసిన బృహత్ వ్యాసానికి ఆధారం పారిస్ మ్యూజియంలోని అసిడియన్ సేకరణలోంచి తీసిన కోపెపాడ్‌లే. కుటుంబంలో ఇన్ని జాతులు ఉన్నాయని ఎవరూ ఊహించనంతగా కొత్తవి బయటపడ్డాయి. సీసా అడుగున పేరుకున్న మడ్డిని కూడా వడకట్టి చూస్తే ఫలితం ఉంటుంది.

మైక్రోస్కోపు, రంగులు

స్టీరియోకు 40 రెట్లు చాలదు, 80 నుంచి 100 దాకా పోగలగాలి. పైనుంచి పడే వెలుతురు కన్నా కిందినుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురు ముఖ్యం. పారదర్శకమైన కాలు, పారదర్శకమైన ఆమ్లంలో కనబడాలంటే ఒక పక్క నీడ పడాల్సిందే. కింది అద్దాన్ని వాల్చగలిగే స్టాండు ఉన్న మోడల్ ఎంచుకోండి.

కాంపౌండ్ మైక్రోస్కోపులో 40 రెట్ల 0.65 ఆబ్జెక్టివ్ సుమారు 0.42 మైక్రాన్ల దూరంలోని రెండు గీతలను విడదీస్తుంది. 100 రెట్ల 1.25 ఆయిల్ ఆబ్జెక్టివ్ 0.22 దాకా. శూకాల మీది సన్నని నూగుకు రెండోది కావాలి, మిగతా పనంతా మొదటిదానితోనే. డిఫరెన్షియల్ ఇంటర్‌ఫరెన్స్ (పారదర్శక భాగాలను ఉబ్బెత్తుగా చూపే పద్ధతి) ఉంటే హాయి, కానీ కొత్త కెమెరాకీ డ్రాయింగ్ ట్యూబుకీ (నమూనానూ కాగితాన్నీ ఒకేసారి చూపే గొట్టానికీ) మధ్య ఎంచుకోవాల్సి వస్తే డ్రాయింగ్ ట్యూబే తీసుకోండి. ఫొటో ఒక తలాన్నే చూపుతుంది. చెయ్యి గీసే గీత ఫోకస్ మారుస్తూ ముల్లు మొదలు ఎక్కడో, కీలు ఎక్కడో తేలుస్తుంది.

రంగుల్లో క్లోరజోల్ బ్లాక్ ఈ కైటిన్‌ను బాగా పట్టుకుంటుంది, చూపు ఆనని మెత్తటి జంతువుల్లో ఖండాల గీతలు బయటపడతాయి. అయితే అది బెంజిడిన్ ఆధారిత రంగు, క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉంది. పొడిని గ్లౌజులు లేకుండా ముట్టకండి. మెథిలీన్ బ్లూ లేతగా పడుతుంది, ప్రమాదం తక్కువ, రోజువారీ పనికి అది చాలు. కాన్‌ఫోకల్ (లేజరుతో ఒక్కో తలాన్ని విడిగా చూసే) మైక్రోస్కోపు అందుబాటులో ఉన్నవాళ్లు కాంగో రెడ్‌తో రంగు వేయవచ్చు. 2010లో మైకెల్స్, బ్యూంట్సో దీన్ని చిన్న క్రస్టేషియన్ల మీద పరీక్షించి చూపారు. నమూనాను కోయకుండానే కాళ్ల అమరిక త్రిమితీయంగా కనబడుతుంది. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మాత్రం ఈ జంతువులకు అంతగా కలిసిరాదు. ఎండబెట్టేటప్పుడు తిత్తిలాంటి ఒళ్లు కుదించుకుపోతుంది. మగవాటికీ, గట్టి తొడుగు ఉన్నవాటికీ బాగుంటుంది.

నిల్వ స్లైడ్లు

బొమ్మలయ్యాక భాగాలను ఎందులో దాచాలన్నది వేరే ప్రశ్న. హోయర్ ద్రవం వాడకం సులువు, చూపు అద్భుతంగా ఉంటుంది, కానీ ఏళ్లు గడిస్తే స్ఫటికాలు కట్టి నల్లబడుతుంది. పాలీవినైల్ లాక్టోఫీనాల్ గట్టిపడుతూ కుంచించుకుపోతుంది, అంచుల్లో గాలి చొరబడుతుంది. టైపు నమూనాలకు ఈ రెండూ వద్దంటాం. గ్లిజరిన్‌లో పెట్టి అంచులను బాగా సీలు చేయడం, లేదా భాగాలన్నిటినీ ఆల్కహాల్ ఉన్న చిన్న వయల్‌లో దాచడం మేలు. వందేళ్ల తర్వాత ఎవరైనా తీసి మళ్లీ దొర్లించి చూడగలగాలి కదా. హోలోటైప్‌ను వీలైతే కోయకుండా ఉంచి, పారాటైప్‌ను (అదే వర్ణనలో పేర్కొనే మరో నమూనాను) కోయండి.

డీఎన్ఏ కిట్లు, ఆన్‌లైన్ సేవలు

1994లో ఫోల్మర్ బృందం ఇచ్చిన ప్రైమర్లు (నకలు తీయడానికి మొదలు చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు), జాతిని గుర్తించడానికి వాడే సీఓఐ జన్యువులో ప్రైమర్లు తీసేయగా 658 బేసుల ముక్కను ఇస్తాయి. కోపెపాడ్‌లలో ఇవి తరచు విఫలమవుతాయి. అంతకన్నా చికాకు, విజయవంతమైనట్టు కనిపించి ఆతిథేయి జన్యువునే చదివిపెట్టడం. పరాన్నజీవి పేగులో ఉన్నది ఆతిథేయి కణజాలమే మరి. ఆడ జంతువు గుడ్ల అరలోంచి నాలుగైదు గుడ్లు తీసి వాటినుంచే డీఎన్ఏ తీస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది, తల్లి ఒళ్లూ చెక్కుచెదరదు. గుడ్లు లేకపోతే జంతువును ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్ కే ఎంజైమ్ ఉన్న ద్రావణంలో ఉంచి, కణజాలం కరిగాక ఖాళీ తొడుగును వెనక్కి తీసుకుని లాక్టిక్ ఆమ్లంలో వేయవచ్చు. ఇది ఖరీదైన కిట్ లేకుండా కెలెక్స్ రెజిన్‌తోనే అయ్యే పని. మగ, ఆడ ఒకే జాతివని తేల్చడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. పాచీపైగస్ గిబ్బర్ అనే కోపెపాడ్‌లో మగవే రెండు రూపాల్లో ఉంటాయి. ఒళ్లు మాత్రమే చూసి తీర్పిస్తే వాటిని రెండు జాతులుగా లెక్కకట్టే ప్రమాదం ఉంది.

పేరు వెతకడానికి వరల్డ్ ఆఫ్ కోపెపాడ్స్ డేటాబేస్ ఉచితం, నమ్మదగ్గది. ఏ పేరు చెల్లుతుంది, ఏది పర్యాయపదం, మొదటి వర్ణన ఎక్కడ అచ్చయింది అన్నవి ఒక్కచోట దొరుకుతాయి. ఆతిథేయి పేరుకు అసిడియాసియా డేటాబేస్ చూడాలి. పాత వ్యాసాల్లోని ఆతిథేయి పేర్లు చాలావరకు మారిపోయి ఉంటాయి. కానీ డేటాబేస్ బొమ్మలకు ప్రత్యామ్నాయం కాదు. పోల్చాల్సింది మూల వర్ణనతోనే.

జంతువుల శాస్త్రీయ నామాలను నమోదు చేసే జూబ్యాంక్ సేవ కూడా ఉచితమే, అందులో జాతి పేరు నమోదు చేస్తే చాలన్న అపోహ బాగా వ్యాపించింది. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళికి చేసిన 2012 సవరణ ప్రకారం, ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే ప్రచురణలో పెట్టిన పేరు చెల్లాలంటే ఆ ప్రచురణను జూబ్యాంక్‌లో ముందే నమోదు చేయాలి, నమోదైనట్టు వ్యాసంలోనే కనబడాలి. నియమం అడిగేది ప్రచురణ నమోదును. జాతి పేరు ఒక్కటే నమోదు చేసి ఊరుకుంటే సరిపోదు. నమోదులో ఆ పత్రికను శాశ్వతంగా భద్రపరిచే సంస్థ పేరు, పత్రికను గుర్తించే ఐఎస్ఎస్ఎన్ సంఖ్య ఉన్నాయో లేదో కూడా సరిచూడండి, ఖాళీగా వదిలేసినవి తక్కువేమీ కాదు. హోలోటైప్ ఏదో స్పష్టంగా చెప్పడం, అది ఏ సంస్థలో దాస్తున్నారో రాయడం కూడా తప్పనిసరి.

ఇక మిగిలింది చీటీ. ఆల్కహాల్‌కు చెదరని సిరాతో గానీ పెన్సిలుతో గానీ మందపాటి కాగితం మీద రాసి సీసా లోపల వేయాలి, బయట అతికించినది ఊడిపోతుంది. కోపెపాడ్ వయల్‌లోని చీటీ మీద ఆతిథేయి నమూనా సంఖ్య, ఆతిథేయి సీసాలోని చీటీ మీద కోపెపాడ్ సంఖ్య ఉండాలి. ఒళ్లో ఏ చోట దొరికిందో కూడా అక్కడే రాయండి: గ్రసని, ఏట్రియం (గ్రసని చుట్టూ ఉండే గది), జఠరం, పేగు.